మాత్రలు నిండుకున్న రోజున...

ఇంట్లో బియ్యం అయిపోయాయని మనం అనం. 'నిండుకున్నాయి' అంటాం. అదీ డబ్బా అడుగు కనిపించకముందే అనేస్తాం. ఉప్పు, పప్పు, గ్యాస్ బండ... ఏది ఎన్నాళ్లొస్తుందో ఇల్లాలికి లెక్క తెలుసు. బండ పెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసుకునేవాళ్లు ఎందరో. అత్తగారి బీపీ మాత్రలు, మామగారి షుగరు మాత్రలు అయిపోవస్తే పక్కింటి కుర్రాడిని పంపైనా తెప్పిస్తాం.

అదే ఇంట్లో ఎవరో ఒకరు మనసుకి సంబంధించిన మందు వాడుతున్నారనుకోండి. ఆ మాత్రల అట్ట బీరువాలో చీర మడతల మధ్య ఉంటుంది. అది నిండుకున్న సంగతి ఎవరితోనూ చెప్పుకోలేరు. పక్కింటి కుర్రాడిని అసలే పంపలేరు. 'నాలుగు రోజులు వేసుకోకపోతే ఏమవుతుందిలే' అని సరిపెట్టుకుంటారు. ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి చాలా అవుతుంది. ఆ తేడా తెలియకపోవడం దగ్గరే అసలు చిక్కు.

ఎందుకు అందవు?

మందు అందకపోవడం ఏదో అరుదుగా జరిగే విషయం కాదు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు బస్సులూ రైళ్లూ ఆగిపోయాయి. నెలనెలా పట్నం వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటప్పుడు పాలప్యాకెట్, మంచినీళ్ల సీసా కోసం చెయ్యి చాపుతాం. 'మా అమ్మాయి మానసిక జబ్బుకి మాత్రలు కావాలి' అని పడవలో వచ్చినవాళ్లని అడగడానికి ఎంతమందికి నోరొస్తుంది?

వరదలూ తుపానులే అక్కర్లేదు. సంక్రాంతికి పుట్టింటికి వెళితే అక్కడి మందుల షాపులో ఆ మందు ఉండదు. ఆసుపత్రిలో 'ఈ నెల స్టాకు రాలేదమ్మా' అంటారు. ఆయన ఊళ్లో లేకపోతే చేతిలో డబ్బుండదు. పెళ్లి కుదిరింది కదా, అత్తవారికి తెలియకూడదని పెద్దవాళ్లే మాన్పించేస్తారు. కారణం ఏదైనా ఒంట్లో జరిగేది ఒకటే.

హఠాత్తుగా ఆపితే...

మనసు మందులన్నీ ఒకటి కావు. ఆపినప్పుడు వచ్చే ఇబ్బంది కూడా ఒకటి కాదు. ఇంట్లో వాడుతున్న మందు ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే మందులు: ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ ఈ కోవలోవి. చాలా వారాలు వాడి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, వికారం, చిరాకు, పీడకలలు మొదలవ్వచ్చు. తలలో కరెంటు షాకు కొట్టినట్టుందని కొందరు చెబుతారు. పారోక్సెటిన్, వెన్‌లాఫాక్సిన్‌లతో ఇది త్వరగా కనిపిస్తుంది. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో వారాల పాటు ఉంటుంది కాబట్టి కాస్త ఆలస్యం. ఈ బాధలు చాలామందిలో మెల్లగా తగ్గుతాయి. కానీ పాత దిగులు తిరిగి రావడం మాత్రం కొన్ని వారాల తర్వాత, చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది.

నిద్రకీ కంగారుకీ ఇచ్చేవి: అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయజెపామ్. నెలల తరబడి రోజూ వేసుకున్నవాళ్లు వీటిని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. నిద్ర పట్టక, చేతులు వణికి, చెమటలు పట్టి, ఫిట్స్ దాకా పోవచ్చు. 'నిద్రమాత్రేగా, మానేస్తే మంచిదేగా' అనుకోకండి. మానాలి సరే, కానీ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానాలి.

లిథియం: ఒకసారి పట్టరాని ఉత్సాహం, ఒకసారి పాతాళంలాంటి దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకి దీన్ని ఇస్తారు. ఇది ఉన్మాదాన్ని తగ్గిస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో లోకానికి తెలియజేశాడు. ఒక్కసారిగా ఆపితే ఉన్మాదం మళ్లీ విరుచుకుపడే అవకాశం బాగా ఎక్కువ.

వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్: ఫిట్స్ ఉన్నవాళ్లు వీటిని ఆపితే మళ్లీ ఫిట్స్ రావచ్చు. లామోట్రిజిన్ వరసగా కొన్ని రోజులు మానేశాక పాత మోతాదులో మళ్లీ మొదలుపెట్టకూడదు. ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు లేవవచ్చు.

స్కిజోఫ్రీనియా మందులు: రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటివి. మానేసిన వెంటనే మనిషిలో తేడా కనిపించకపోవచ్చు. అందుకే 'మందు లేకపోయినా బాగానే ఉన్నాడు కదా' అని మోసపోతాం. వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది. క్లోజపిన్ మాత్రం వేరు. రెండు రోజులకు మించి మానేస్తే పాత మోతాదు వేయకూడదు. డాక్టరు పర్యవేక్షణలో చిన్న మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. మానేసిన రోజుల మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగకూడదు. పక్కవాళ్ల మాత్ర 'అలాంటిదే'నని తెచ్చి వేయకూడదు.

'సహజంగా' తగ్గుతుందా?

మందు లేనప్పుడు సహజమైన పద్ధతుల వైపు చూడటం మామూలే. నడక, యోగా, నిద్ర, మనసు విప్పి మాట్లాడుకోవడం - ఇవన్నీ నిజంగానే మేలు చేస్తాయి. అయితే ఎవరికి ఎంతవరకు అన్నది ముఖ్యం.

తేలికపాటి దిగులు, ఆందోళన ఉన్నవాళ్లకి వ్యాయామం, మాటల చికిత్స చాలావరకు పనిచేస్తాయి. ఒక్కోసారి అవే సరిపోతాయి కూడా. తీవ్రమైన దిగులులో అవి మందుకి తోడు మాత్రమే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ జబ్బుల్లో మందు చేసే పనిని నడకా ప్రాణాయామం చేయలేవు. కానీ మందు దొరికేదాకా మనిషి మరీ జారిపోకుండా పట్టి ఉంచగలవు. గోడ కూలుతుంటే పెట్టే ఊతకర్ర లాంటివన్నమాట. ఊతకర్ర ఉంది కదా అని గోడ కట్టడం మానేయంగా!

ఇక మూలికల సంగతి. 'ఆకూ వేరూ కదా, హాని చేయదు' అన్నది పొరపాటు. సర్పగంధ వేరునే చూడండి. పిచ్చికీ రక్తపోటుకీ అది పనిచేస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. ఆ వేరులోంచి తీసిన రిసర్పిన్‌ని 1950లలో విదేశాల్లో కూడా మానసిక రోగులకు వాడారు. అది రక్తపోటుని బాగా దించేస్తుంది, కొందరిలో దిగులు పెంచుతుంది. మెరుగైన మందులు రాగానే వెనక్కి తగ్గింది. పనిచేసే వేరుకి చెడ్డ గుణాలూ ఉంటాయి, మోతాదు లెక్కా ఉంటుంది. అశ్వగంధ కూడా అంతే. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది, థైరాయిడ్ మీద ప్రభావం చూపుతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలికని ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దిగులు మందులతో కలిపి వేసుకుంటే అది ప్రాణం మీదికి తెస్తుంది. కుటుంబ నియంత్రణ మాత్రల శక్తిని కూడా తగ్గిస్తుంది. కాబట్టి ఏ చూర్ణమైనా సరే, డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

మందు చేరేదాకా ఇల్లు ఇలా...

మందు కోసం ఒక పక్క ప్రయత్నం చేస్తూనే ఇంట్లో ఈ జాగ్రత్తలు తీసుకోండి.

నిద్ర: అన్నిటికంటే ముఖ్యం ఇదే. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకి రెండు మూడు రాత్రులు నిద్ర చెడితే చాలు, ఉన్మాదం తన్నుకొచ్చేస్తుంది. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున లేచే వేళ మాత్రం ఒకటే ఉండాలి. సాయంత్రం 4 దాటాక కాఫీ, టీలు వద్దు. రాత్రి జాగారాలు, పెళ్లిళ్లలో తెల్లవార్లూ మేలుకోవడాలు ఆ రోజుల్లో మానిపించండి. పడగ్గదిలో ఫోను పెట్టకండి. పసిపిల్లల తల్లి అయితే రాత్రిపూట ఒక పాలవేళకైనా బిడ్డని అమ్మో అత్తో ఎత్తుకుని, ఆమెను ఏకధాటిగా నాలుగైదు గంటలు పడుకోనివ్వాలి.

నీళ్లూ ఉప్పూ: లిథియం వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. దగ్గర ఇంకా కొన్ని మాత్రలుండి వేసుకుంటున్నవాళ్లు ఎండదెబ్బ, వాంతులు, విరేచనాలు, నీళ్లు కూడా ముట్టని ఉపవాసాల వల్ల ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. వీటివల్ల రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా అదే పని చేస్తాయి. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజాలైనా ముందు డాక్టరుని అడిగాకే.

తిండి: వేళకు పెట్టండి. 'ఆకలి లేదు' అంటే గంజో మజ్జిగో ఇవ్వండి. మందు లేని రోజుల్లో మద్యం, గంజాయి దగ్గరికి రానివ్వకండి. నిద్రమాత్ర లేదని ఒక పెగ్గు వేసుకునే మగవాళ్లున్నారు. ఆ రాత్రికి నిద్ర వస్తుందేమోగానీ తర్వాతి రోజులు నరకమే.

నడక: రోజూ అరగంట, కుదిరితే పొద్దుటెండలో. ఒంటరిగా వెళ్లలేనివాళ్లతో ఎవరైనా తోడు వెళ్లాలి. మాట్లాడనక్కర్లేదు, పక్కన నడిస్తే చాలు.

చిన్న పనులు: 'మనసు బాగయ్యాక లేచి పని చేస్తాను' అంటుంది దిగులు. నిజానికి పని మొదలుపెడితేనే మనసు కొంచెం కొంచెంగా లేస్తుంది. గోవాలో మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి దిగులుతో ఉన్నవాళ్ల దగ్గరికి పంపారు. వాళ్లు డాక్టర్లు కారు. ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిసి, రోజూ చేసే పనుల్లోకి మనిషిని మెల్లగా దించడమే వాళ్లు చేసింది. దానివల్ల తీవ్రమైన దిగులు కూడా తగ్గిందని డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 2017లో 'లాన్సెట్' పత్రికలో వెల్లడించింది. మన వంటింట్లో కూడా ఇది చేయొచ్చు. ఇవాళ స్నానం చేసి తలదువ్వుకోవడం, రేపు చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, ఎల్లుండి మొక్కలకి నీళ్లు పోయడం. అంతే. ఒక రోజుకి ఒక పని.

శ్వాస: గుండె దడ, కంగారు వస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి. ఇలా ఐదు నిమిషాలు. భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా చేసే ప్రాణాయామాలు మాత్రం ఉద్రేకంలో ఉన్నవాళ్లతో చేయించవద్దు.

మీ మాటే సగం మందు

ఇంట్లోవాళ్లు ఎలా మాట్లాడతారన్నదాన్ని బట్టి జబ్బు తిరగబెట్టే అవకాశం మారుతుంది. ఇదేదో పెద్దలు చెప్పే నీతి కాదు. 1950ల చివర్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు గమనించిన సంగతి. పొద్దస్తమానం తప్పులు పట్టే ఇళ్లకీ, అతిగా వెంటపడే ఇళ్లకీ తిరిగి వెళ్లిన రోగులకి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. తర్వాత డాక్టర్ విగ్, ఆయన బృందం చండీగఢ్‌లో ఇదే పరిశీలించి 1987లో ప్రచురించారు. మన కుటుంబాల్లో ఆ సాధింపు లండన్ కుటుంబాలకన్నా తక్కువని తేలింది. సంతోషించాల్సిన విషయమే. కానీ సాధించే ఇళ్లు మన వీధిలోనూ లేకపోలేదు.

'తిని కూర్చోవడం తప్ప ఏం చేస్తున్నావు?', 'నీకేం తక్కువైందని ఏడుపు?', 'మాత్రలు లేకపోతే మనిషివి కావా?' - మందు లేని రోజుల్లో ఈ మాటలు పుండు మీద కారం. వాటి బదులు 'రాత్రి నిద్ర పట్టిందా?', 'కాసేపు పక్కన కూర్చోనా?' అని అడిగి చూడండి. లేనివి కనిపిస్తున్నాయనో, ఎవరో కుట్ర చేస్తున్నారనో అంటే వాదించకండి. 'నాకలా అనిపించడం లేదు, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నేను ఇక్కడే ఉన్నాను' అంటే చాలు. ఇంటి పెద్దమ్మ ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే పిల్లలూ అదే నేర్చుకుంటారు.

గుడికీ దర్గాకీ వెళ్లేముందు

మందు లేనప్పుడు కొందరు తాయెత్తు కట్టిస్తారు, దర్గాలో నిద్ర చేయిస్తారు. మొక్కుని తప్పు పట్టనక్కర్లేదు. నలుగురిలో కూర్చుని దండం పెట్టుకుంటే మనసుకి ఊరటే. కట్టేయడం మాత్రం నేరం. తమిళనాడులోని ఎర్వాడీలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. ఆ ఘోరం తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. తర్వాతి కాలంలో అక్కడి దర్గాలోనే దువాతో పాటు దవా కూడా ఇచ్చే ఏర్పాటు జరిగింది. మొక్కుకోండి, మాత్రా వేయండి. ఒకదానికొకటి అడ్డు కాదు. మనుషుల్ని గొలుసులతో కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా నిషేధించింది.

ఇక ఆగకూడదు

ఈ లక్షణాలు కనిపిస్తే ఇంటి చిట్కాలు పక్కనపెట్టి ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి వెళ్లండి. మానసిక వైద్యుడే ఉండాలని చూడకండి.

* వరసగా రెండు రాత్రులు నిద్రలేకపోయినా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తుంటే.
* ఫిట్స్ వస్తే, విపరీతంగా వణుకుతూ అయోమయంలో ఉంటే.
* తిండీ నీళ్లూ మానేస్తే, పలక్కుండా ఉలక్కుండా ఉండిపోతే.
* 'చచ్చిపోతే బాగుండు', 'నేను మీకు భారం' అంటే. ఆ మాటని బెదిరింపుగా తీసుకోకండి. మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ పూటే బయటికి తరలించండి. మాత్రలన్నీ తీసి దాచండి.
* కాన్పయిన రెండు మూడు వారాల్లో బాలింత నిద్రపోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, బిడ్డ గురించి వింతగా అంటుంటే. 'గాలి సోకింది' అని ఒక్క రోజు కూడా వృథా చేయకండి. తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం.

గర్భిణుల సంగతి మరొకటి. నెల తప్పిందని తెలియగానే భయంతో అన్ని మాత్రలూ ఒక్కసారి ఆపేస్తుంటారు. అలా ఆపకుండా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది కాబట్టి, అది వాడే అమ్మాయిలు గర్భం దాల్చకముందే మందు మార్పు గురించి అడగాలి. పెళ్లి కుదిరినప్పుడు మందు మాన్పించే తల్లులు ఆ బదులు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఈ మాట అడిగితే అమ్మాయికి నిజమైన మేలు చేసినవారవుతారు.

ముందుచూపు

* గ్యాస్ బండ లెక్కలాగే మాత్రల లెక్క కూడా క్యాలెండర్ మీద రాయండి. ఇంకా పది రోజుల మందు ఉండగానే తెచ్చుకోవాలి. నాలుగు మాత్రలు ఉన్నప్పుడు ఫోన్ చేస్తే వాటిని ఎలా సర్దుకోవాలో డాక్టరు చెప్పగలరు. ఒక్కటీ లేనప్పుడు చేస్తే ఆ వెసులుబాటు ఉండదు.
* తుపాను కాలంలో రెండు వారాల మందు అదనంగా ఉంచుకునేలా రాయమని డాక్టరుని అడగండి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్న మనిషైతే ఆ అదనపు మందు వారి చేతికి అందకుండా నమ్మకమైనవాళ్ల దగ్గర ఉండాలి.
* మందుల చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. ఒక జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డు, ఆధార్‌లతో పాటు దాచండి. పుట్టింట్లో ఒకటి ఇవ్వండి.
* బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసి పెట్టుకోండి. మీ బ్రాండు లేకపోయినా అదే మందు వేరే పేరుతో దొరకవచ్చు. జనఔషధి దుకాణాల్లో చవకగా దొరికే వీలుంది.
* స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. రోజూ మాత్ర దొరకడం కష్టమైన చోట ఇవి వీలవుతాయేమో అడగండి.

అడగడానికి సిగ్గెందుకు?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్నివేళలా ఉచితంగా ఇవ్వాలి. 'స్టాకు లేదు' అన్నప్పుడు తలవంచుకుని వచ్చేయక, ఎప్పుడొస్తుందో, ఈలోగా ఏ ఆసుపత్రిలో ఉందో అడగండి. ఇది దయ కాదు, హక్కు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం చినవాల్తేరుల్లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి.

బయటికి కదలలేని రోజైతే టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రింబవళ్లూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ పేరు చెప్పడానికి సంకోచమైతే చెప్పకుండానే మాట్లాడొచ్చు.

చివరగా ఒక్క చిన్న పని. ఈ పేజీ పక్కన పెట్టేముందు లేచి వెళ్లి ఆ చీర మడతల మధ్య ఉన్న అట్ట తీసి, ఎన్ని మాత్రలున్నాయో లెక్కపెట్టండి. ఆ అంకె ఇంట్లో ఇంకొక్కరికైనా చెప్పండి.